పండక్కి సెలవడుగుతున్నాడు సార్

ప్రాజెక్టులు ఎందుకు నెగ్గుతాయి, ఎందుకు చతికిలబడతాయి అన్న విషయం మీద కొన్నేళ్ళ క్రితం ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు పరిశోధన చేశారు. వాళ్ళు అచ్చువేయించిన వ్యాసం చివర, ఫ్యాక్టరీ చెరకు విభాగంలో ప్లానింగ్ చూసే అధికారి చేసిన సాయం మరువలేనిదని ఒక వాక్యం ఉంటుంది. ఆ అధికారిని నేనే. మా మనవరాలు ఆ వాక్యాన్ని ఫోనులో వెతికి పట్టుకుని, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తుంటుంది. అది ఫోను తియ్యగానే నేను మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళిపోతాను.

అరసవల్లిలో మేముండే వీధిలో ఎం.బి.ఏ. చదివే పిల్లలు కొందరున్నారు. ప్రొడక్షన్ షెడ్యూలింగ్ గురించి మీ అనుభవం చెప్పండి సార్, మాకు పనికొస్తుంది అని చాలాసార్లు అడిగారు. ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి పంపేశాను. కాయితం మీద పెట్టుకుంటే ఎదురుగా మొహాలుండవు కదా అని ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ రాయను. ఉన్నవాళ్ళు ఉన్నారు, పోయినవాళ్ళకి పిల్లలున్నారు. నా పేరు కూడా రాయడం లేదు. అది మాత్రం వాళ్ళ మర్యాద కోసం కాదు.

మాది నాగావళి పక్కన చక్కెర ఫ్యాక్టరీ. చెరకు సంగతి తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. నరికిన చెరకు ఇంచుమించు పితికిన పాల లాంటిది, ఎక్కువసేపు ఉంచకూడదు. ఎండలో పడుంటే బరువు పోతుంది, తీపి పోతుంది. నరికినది మర్నాటికల్లా మిల్లులో పడాలి. మిల్లు కూడా సీజను మొదలయ్యాక ఆగకూడదు. అందుకని ఏ ఊళ్ళో ఏ రైతు ఏ రోజు నరకాలో ఫ్యాక్టరీయే చెబుతుంది. అలా చెబుతూ ఇచ్చే చీటీని పర్మిట్ అంటాం. ఆ పర్మిట్లు ఏ వరసలో ఇవ్వాలన్నదే నా ఉద్యోగం.

పాత పద్ధతిలో అంతా గందరగోళంగా ఉండేది. ఒకరోజు యార్డు నిండా లారీలు, ట్రాక్టర్లు నిలిచిపోయేవి. డ్రైవర్లు లారీల కిందే పొయ్యిలు పెట్టుకుని వండుకునేవారు. ఇంకోరోజు చెరకు లేక మిల్లు నోరు తెరుచుకుని కూర్చునేది. పలుకుబడి ఉన్న రైతుకి ముందు పర్మిట్, లేనివాడికి ఎండిపోయాక పర్మిట్. చెరకు వేసే ఊళ్ళు ఏటేటా తగ్గిపోతున్నాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే ఫ్యాక్టరీకి తాళం పడుతుందని మాకందరికీ తెలుసు.

ఊళ్ళకీ మాకూ మధ్య ఉండేవాళ్ళు ఫీల్డ్‌మేన్‌లు. కొన్ని ఊళ్ళకి ఒకడు చొప్పున ఉంటాడు. పొలాలు చూడ్డం, పర్మిట్లు పంచడం, నరికే ముఠాలని కుదర్చడం వాళ్ళ పని. వాళ్ళలో పెద్దాయన మా ఆవిడ పుట్టిన ఊరివాడు. మా ఆవిడకి వరసకి చిన్నాన్న. అందుకని ఆయన నన్ను అల్లుడుగారూ అనేవాడు, నేను మావా అనేవాణ్ణి.

మావ తప్పెటగుళ్ళ దళంలో ముందుండి పాడినవాడు. గుండె మీద తప్పెటలు కట్టుకుని చిందులేస్తూనే పాట అందుకుంటే, ఏటికి ఈ ఒడ్డున పాడింది ఆ ఒడ్డున వినిపించేదట. నేను చూసేనాటికి చిందులు మానేశాడు గానీ గొంతు తగ్గలేదు. ఆయనేం దేవుడు కాదని కూడా చెప్పాలి. మధ్యాహ్నం జీడితోటలో బండి నిలబెట్టి కునుకు తీసేవాడు. ఒక్క ఊరు వెళ్ళి మూడూళ్ళు తిరిగానని చెప్పేవాడు. వానపాముని చూస్తే మనకి వర్ణించేటప్పటికి అది తాచుపాము అయిపోయేది. అయినా ఆయన "మీ సెరుకు ఫలానా రోజున ఎత్తిస్తాను" అన్నాడంటే ఊళ్ళో ఎవరూ రెండో మాట అడిగేవారు కాదు. ఆ ఒక్క విషయంలో ఆయన ఎన్నడూ అబద్ధమాడలేదు.

చెరకు తూచే కాటా దగ్గర లారీ డ్రైవర్ల మధ్య కూడా నన్ను అల్లుడుగారూ అని కేకేసి పిలిచేవాడు. నేను మాత్రం ఆఫీసులో బయటివాళ్ళుంటే ఆయన్ని "ఫీల్డ్‌మేన్ గారూ" అనేవాణ్ణి. ఒకసారి నవ్వేసి, "ఆపీసులో నాను మీ మావని కాదేటండీ?" అన్నాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను.

ఇక్కడ నా జబ్బు సంగతి చెప్పాలి. పై చదువుకి హైదరాబాదు వెళ్ళినప్పుడు, హాస్టల్లో మొదటి రోజునే నేను "ఏటి?" అన్నాను. ఆ రోజు నుంచి చదువు అయ్యేదాకా నన్ను అందరూ అదే పేరు పెట్టి పిలిచారు. సినిమాల్లో మా యాస ఎవరి నోట పెడతారో మీకు తెలుసు. నేను పట్టుబట్టి నాలుక సానబట్టుకున్నాను. ఏటి పోయి ఏంటి వచ్చింది, సెప్పు పోయి చెప్పు వచ్చింది. ఫ్యాక్టరీలో చేరేటప్పటికి నాది ఏ జిల్లానో ఎవరూ పోల్చలేకపోయేవారు. దానికి గర్వపడేవాణ్ణి కూడా. మా ఆవిడ మాత్రం, "ఆపీసోళ్ళతో పోనులో మాటాడితే మీ గొంతే మారిపోతాది, ఎవురో వొచ్చినారనుకుంతాను" అని వెక్కిరించేది.

యాజమాన్యం మారాక హైదరాబాదు నుంచి కొత్త జనరల్ మేనేజరు వచ్చాడు. చురుకైనవాడు, చెడ్డవాడు కాదు. షెడ్యూలు బాగుచెయ్యకపోతే ఫ్యాక్టరీ బతకదని గ్రహించి, విశ్వవిద్యాలయంలో ఒక ప్రొఫెసర్ మేడమ్‌తో మాట్లాడాడు. ఆవిడ తన పరిశోధన విద్యార్థులతో వచ్చింది. పని రెండు భాగాలు. ఒకటి, ఇలాంటి ప్రాజెక్టు నెగ్గడానికి ఏవేవి కావాలో పనిచేసేవాళ్ళనే అడిగి తేల్చడం. రెండు, చెరకు నరికే వరసకి కంప్యూటరు మీద కొత్త పద్ధతి తయారుచెయ్యడం.

మొదటిదానికి ప్రశ్నలు పంచారు. పై అధికారుల అండ, స్పష్టమైన లక్ష్యం, సమాచారం పంచుకోవడం, ఇలా ఒక్కొక్కటీ ఎంత ముఖ్యమో టిక్కు పెట్టాలి. మావ నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"అల్లుడుగారూ, ఇందులో ఏదైనా ముక్యం కాదంతే ఎవురికైనా కోపమొస్తాదేటి?"

"ఎవరికీ రాదు మావా."

"ఎందుకొచ్చిన గొడవండి. అన్నీ ముక్యమేనని పెట్టీండి."

ఫీల్డ్‌మేన్‌లు అందరూ అలాగే పెట్టారు. ఆ తర్వాత ఎప్పుడైనా ఇలాంటి సర్వేల్లో అన్నిటికీ ఒకే టిక్కు కనిపిస్తే, ఎవరో మర్యాదస్తుడు నింపాడని అనుకోండి.

రెండో పని నిజంగా మంచిది. ఇప్పటికీ అదే మాట అంటాను. ఏ పొలంలో చెరకు ఎప్పుడు పక్వానికొస్తుందో చూసి, ఆ వరసలో తేదీలు ముందే వేసేస్తారు. తేదీకి కొన్నాళ్ళ ముందు రైతు నీరు కట్టెయ్యాలి, అంటే తడి ఆపెయ్యాలి. అప్పుడు తీపి పెరుగుతుంది. నరికే ముఠాలు ఊరూరా అటూ ఇటూ తిరగకుండా, ఒక్కో వైపు ఊళ్ళకి ఒక్కో ప్రాంతం ముఠాలని కట్టిపడేస్తారు. మావ చూసే ఊళ్ళకి సీతంపేట కొండల నుంచి దిగే సవర గిరిజనుల ముఠాలు పడ్డాయి. వాళ్ళే నరకాలి, వాళ్ళే లోడు చెయ్యాలి.

అన్నీ సిద్ధమయ్యాక చివరి మీటింగు పెట్టారు. పొడుగాటి బల్ల. ఒకవైపు జనరల్ మేనేజరు, హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు, మేడమ్, ఆవిడ విద్యార్థులు. మరోవైపు నేనూ, గోడవార కుర్చీల్లో ఫీల్డ్‌మేన్‌లూ. మేడమ్ తెర మీద అంతా చూపించి, చక్కగా అడిగింది.

"ఇది ఖరారు చేసే ముందు ఒక్క మాట. కూలీలు పనికి రాని రోజులు, మీ ప్రాంతంలో మాత్రమే ఉండే పండగలు ఏవైనా ఉన్నాయా? క్యాలెండర్లో ఉన్నవి వేశాం. లేనివి ఉంటే చెప్పండి, కలుపుతాం."

నాకు వెంటనే గుర్తొచ్చింది. మా వైపు పుట్టినవాడెవడికైనా గుర్తొస్తుంది. పుష్యమాసంలో కొండ ఊళ్ళలో కందికొత్తలు జరుగుతాయి. కొత్త కందులు దేవతకి పెట్టిందాకా వాళ్ళు నోట వెయ్యరు. పండగనాటికి ఎక్కడున్నవాళ్ళు అక్కడ పని ఒదిలేసి ఊరు చేరతారు. రోజు ఏ ఊరికి ఆ ఊరే పెట్టుకుంటుంది. పాత పద్ధతిలో ముఠాలు అన్ని వైపులా కలిసి ఉండేవి కాబట్టి, ఒకరు వెళ్తే ఇంకొకరు అందుకునేవారు. ఇప్పుడు ఒక వైపు ఊళ్ళన్నీ వాళ్ళ చేతుల్లోనే పెట్టేశాం.

నేను నోరు విప్పేలోపు మావ లేచాడు.

"ఏటంతే అమ్మా, కందికొత్తలుంతాదండి. అప్పుడు ముటావోళ్ళు కొండకెల్లిపోతారు. మరాపలేమండి. ఆ రోజులకి మా ఊళ్ళకి పెర్మిట్లు ఇవ్వకండి, నేకపోతే సెరుకు ఎండిపోతాది."

ఆయన గొంతు ఆ గదికి చాలా పెద్దది. "ఏటంతే" అనగానే హెడ్డాఫీసు కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు పెదాలు కదిలీ కదలకుండా ఆ మాటే అన్నాడు. రెండోవాడు బల్ల కిందికి వంగి నవ్వాడు. హాస్టలు గది మళ్ళీ ఎదురుగా వచ్చి నిలబడ్డట్టయింది.

జనరల్ మేనేజరు నా వైపు తిరిగి, "ఏమంటున్నాడాయన?" అన్నాడు.

పిల్లలూ, ఆయన ఎగతాళికి అడగలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నన్నడిగాడు. నేను మావ చెప్పిందంతా మంచి తెలుగులో చెబితే సరిపోయేది. కానీ అది చెప్పడమంటే, ఆ కొండలూ ఆ కందులూ ఆ యాసా నావి కూడా అని ఒప్పుకోవడమని ఆ నిమిషంలో నాకు తోచింది. ఆ నవ్వు నా మీదికి తిరగకూడదు, అంతే.

"ఏం లేదు సార్. పండక్కి సెలవడుగుతున్నాడు" అన్నాను.

గది గొల్లుమంది. జనరల్ మేనేజరు కూడా నవ్వేసి, "ఇస్తాంలేవయ్యా, కూర్చో" అన్నాడు. మేడమ్ కూడా నవ్వింది. మావ అలాగే నిలబడి నన్ను చూశాడు. ఆయనకి నా తెలుగు అర్థంకాక కాదు. కాసేపటికి తనూ కొంచెం నవ్వి, "అవునండి" అని కూర్చున్నాడు. ఇప్పుడు రాస్తుంటే కూడా తల కొట్టేసినట్టు ఉంది.

బయటికొచ్చాక వరండాలో పట్టుకున్నాడు.

"అలాగన్నారేటి అల్లుడుగారూ?"

"పెద్దవాళ్ళ దగ్గర అన్నీ ఒకేసారి విప్పకూడదు మావా. నేను తర్వాత మేడమ్‌తో మాట్లాడి సర్దిస్తాను."

"అదీ నిజమేలెండి. మీకు తెలుస్తాది" అన్నాడు. ఆ మాట నమ్మి ఊళ్ళ మీద పడ్డాడు. గుళ్ళ దగ్గరా టీ కొట్ల దగ్గరా రైతుల్ని కూర్చోబెట్టి, కొత్త పద్ధతి గురించి గొంతు పోయేలా చెప్పాడు. తేదీకి నరికితే మర్నాటికి ఎత్తించే పూచీ నాది అన్నాడు. అందరికంటే ముందు ఒప్పించింది వాళ్ళ ఊరినే.

నేను సర్దిద్దామనే అనుకున్నాను. మేడమ్ నంబరు తీసి పెట్టుకున్నాను కూడా. కానీ ఫోను చేస్తే, ఆ రోజు నేను చెప్పింది అబద్ధమని మొదలుపెట్టాలి. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూ ఉండగా సీజను మొదలైపోయింది. మొదలవడం కూడా అద్భుతంగా మొదలైంది. యార్డులో లారీల బారు లేదు. వచ్చిన చెరకు వచ్చినట్టే మిల్లులోకి పోతోంది. హెడ్డాఫీసు నుంచి ఫోనులో అభినందనలు. ఖాళీ యార్డు ముందు నన్ను నిలబెట్టి ఫొటో తీశారు. రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాను. ఇంత బాగా నడుస్తున్నదాన్ని ఇప్పుడెందుకు కెలకడం అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఎవరైనా పెద్ద తప్పు చేసేముందు ఆ మాటే అనుకుంటారనుకుంటాను.

పుష్యమాసంలో ఒక సాయంత్రం మావ ఫోను చేశాడు.

"అల్లుడుగారూ, ముటా మేస్త్రీ వొచ్చినాడండి. పెద్దోళ్ళు రోజు పెట్టీసినారంట. ఈసారి నాలుగూళ్ళు కలిపి సేసుకుంతన్నారంట. రేపు తెల్లారి అందరూ ఎల్లిపోతారు. మీరు ఆ పెర్మిట్లు ఆపించినారు కదా?"

ఆపించలేదని చెప్పలేక, "ఒక్క రెండు రోజులు వాళ్ళని ఆపలేరా మావా?" అన్నాను.

మావ గొంతు తగ్గింది.

"మీ ఊరి అమ్మోరి పండగైతే మీరాపుతారేటండి?" అన్నాడు. నేనేమీ అనకపోయేసరికి సంగతి ఆయనకి అర్థమైపోయింది. ఇంకేం అడగకుండా ఫోను పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే మోటారు సైకిలు మీద మా అత్తవారి ఊరు చేరాను. అంతకుముందు రోజు నరికిన చెరకు పొలాల్లో పరుచుకుని ఉంది, ఎత్తేవాళ్ళు లేరు. నీరు కట్టేసిన మిగతా పొలాల్లో చెరకు నిలువునా ఆకు ఎండి గలగలమంటోంది. గట్ల మీద రైతులు గుంపుగా నిలబడ్డారు. తిడతారని గుండె రాయి చేసుకుని వెళ్ళాను. తిట్టినా బాగుండేది.

"అల్లుడొచ్చినాడు, కుర్సీ ఎయ్యండ్రా" అంది మా ఆవిడకి మేనత్త వరసయ్యే ముసలావిడ. ఎవరింట్లోంచో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, ఎండిపోతున్న చెరకు పక్కనే వేశారు. గ్లాసుతో టీ తెచ్చిచ్చారు. వద్దంటే ఊరుకోలేదు. పండక్కి వచ్చిన కొత్త అల్లుడిలా ఆ పొలంలో కుర్చీలో కూర్చుని టీ తాగాను. నా చుట్టూ వాళ్ళంతా నిలబడే ఉన్నారు.

మా బావమరిది వరస కుర్రాడొకడు, సొంతంగా కొద్దిపాటి చెరకు వేసుకున్నవాడు, దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు.

"బావా, నీరు కట్టీమన్నారు, కట్టీసినాం. నరికీమన్నారు, నరికీసినాం. ఇప్పుడేటి సెయ్యమంతారు?"

అందులో వెటకారం లేదు. ఇంతవరకూ చెప్పినవాడు ఇకమీదట కూడా చెబుతాడని నమ్మి అడిగాడు. నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

ఈలోగా మావ గొంతు వినిపించింది. లుంగీ ఎగ్గట్టుకుని వీధి వీధికీ తిరుగుతూ పిలుస్తున్నాడు. "ఒరే, బేగి రండిరా! కత్తులట్టుకుని రండి! ఒసే, మీరూ రండే, సెరుకు మనదే కదేటి!" తప్పెటగుళ్ళకి పిలిచినట్టే పిలిచాడు. ఇళ్ళలోంచి మగవాళ్ళూ ఆడవాళ్ళూ వచ్చారు. పక్క ఊరివాళ్ళు ట్రాక్టర్లు ఇచ్చారు. తలా ఒక కట్ట ఎత్తారు. నేనూ లేచి ఒక కట్ట భుజానికెత్తుకోబోతే ఒకావిడ లాగేసుకుని, "మీకెందుకండి, బట్టలు పాడైపోతాయి" అంది. మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళేమోనన్న భయంతో గట్టు మీదికి పోయి నిలబడ్డాను.

ఎంత కష్టపడినా ఆ వైపు ఊళ్ళన్నిటికీ వాళ్ళ చేతులు చాలవు కదా. ఆ వారం పర్మిట్లు ఎక్కువగా ఆ వైపువే. మధ్యాహ్నం దాటాక మిల్లు ఆగిపోయింది. సీజనులో ఆ హోరు మా చెవులకి గాలిలా అలవాటు. అది ఉన్నట్టుండి లేకపోయేసరికి పొలంలో అందరూ పని ఆపి ఫ్యాక్టరీ వైపు తలెత్తి చూశారు. తర్వాత మావ వైపు చూశారు. మాటిచ్చింది ఆయన. నా వైపు ఎవరూ చూడలేదు.

ముఠాలు తిరిగొచ్చేసరికి చాలా చెరకు తేలిపోయింది. కొంత బెల్లం గానుగలకి పోయింది. కొంత పొలంలోనే తగలబెట్టారు.

జనరల్ మేనేజరు అదే గదిలో, అదే బల్ల చుట్టూ అందర్నీ కూర్చోబెట్టాడు. మావని లేపి నిలబెట్టాడు.

"కూలీలు వెళ్ళిపోతారని నీకు ముందే తెలుసా?"

"తెలుసండి."

"తెలిస్తే చెప్పాలా వద్దా?"

మావ నా వైపు చూడలేదు. చూస్తే నేను చిక్కుకుంటానని చూడలేదు. కిటికీ వైపు చూస్తూ, "తప్పేనండి" అన్నాడు.

నేను లేచాను. ఏం మాట్లాడాలో ముందుగా అనుకోలేదు. సానబట్టుకున్న తెలుగు ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు. "ఆయన సెప్పినారండి. ఇదే గదిలో సెప్పినారు. నానే మీకు సెప్పనేదు. సెలవడుగుతన్నారని అబద్దమాడినాను" అన్నాను.

పైకప్పు విరిగి నెత్తిన పడుతుందనుకున్నాను. ఏమీ పడలేదు. హెడ్డాఫీసు కుర్రాడు నా యాస విని ఆశ్చర్యంగా చూశాడు, అంతే. జనరల్ మేనేజరు కాసేపు నుదురు రుద్దుకున్నాడు. "సరే, అయితే ఇది కమ్యూనికేషన్ గ్యాప్. వచ్చే సీజనుకి సరిచేద్దాం" అన్నాడు. ఒక విద్యార్థి ఆ రెండు ముక్కలూ తెర మీద ఎక్కించాడు. నాకు మెమో రాలేదు, బదిలీ కాలేదు. ఊరంతటి ముందు మాట పోగొట్టుకున్నది ఒకరు, దానికి కారణమైన నాకు వచ్చింది ఒక ఇంగ్లీషు మాట.

మెట్లు దిగుతుంటే మేడమ్ ఆగమంది. "నేను అడిగాను కదా సార్, నాకైనా చెప్పాల్సింది" అంది. కొంచెం దూరం నడిచాక, "నేనూ నవ్వాను ఆ రోజు. ఆయన ఇంకేదో చెప్పారని నాకు అనుమానమొచ్చింది. అయినా నవ్వాను" అంది.

మరుసటి ఏడు మేడమ్ తన పద్ధతిలో మార్పులు చేసింది. సీజనుకి ముందు ముఠా మేస్త్రీలందర్నీ పిలిచి, టీ ఇచ్చి, వాళ్ళ ఊళ్ళ పండగలు అడిగి మరీ తేదీలు వేశాం. ఒక్కో వైపుకి రెండు ప్రాంతాల ముఠాలని కలిపాం. ఆ సీజను ఎక్కడా తట్టుకోకుండా సాగింది. పరిశోధన వ్యాసానికి మంచి పేరొచ్చింది. ప్రాజెక్టు నెగ్గడానికి కావలసిన వాటిల్లో సమాచారం పంచుకోవడం మొదటి వరసలో నిలిచింది. మీరు చదివే పాఠాల్లో కూడా అదే ఉంటుంది. పద్ధతి నెగ్గిందనే అనాలి.

మా అత్తవారి ఊళ్ళో మాత్రం ఆ ఏడు సగం మంది చెరకు వెయ్యలేదు. ఎందుకని మా బావమరిదిని అడిగితే, "ఏటీ నేదు బావా. మొక్కజొన్నకయితే పెర్మిట్ అక్కర్నేదు కదా" అన్నాడు.

మీటింగులో ఇప్పుడు ఫీల్డ్‌మేన్‌లనే మొదట మాట్లాడమనేవారు. జనరల్ మేనేజరు స్వయంగా, "మీరు చెప్పండి పెద్దాయనా, వింటాం" అన్నాడు మావతో. మావ లేచి దణ్ణం పెట్టి, "అల్లుడుగారు సెప్తారండి" అని కూర్చున్నాడు. ఒకసారి కాదు, ఆ తర్వాత ప్రతి మీటింగులోనూ అంతే. వచ్చేటప్పుడు జీపులో ఊళ్ళ సంగతులన్నీ డ్రైవరు చెవులు చిల్లులు పడేలా నాకు చెప్పేవాడు. ఎచ్చెర్ల దగ్గర టీకి ఆగితే టీ కొట్టువాడితో కూడా అవే కబుర్లు. ఆ గది గుమ్మం దాటగానే నోట్లో నాలుక లేనివాడిలా గోడవార కూర్చునేవాడు. ఆయన చెప్పినవన్నీ నేను లేచి అప్పజెప్పేవాణ్ణి. ఒక్క ముక్క తప్పిపోకుండా, కొన్నిసార్లు ఆయన మాటల్లోనే. నాకిక ఆ యాస సిగ్గు పోయింది. పోవలసినప్పుడు పోలేదు.

ఒకసారి బతిమాలాను. "మీరే చెప్పొచ్చు కదా మావా, వాళ్ళే అడుగుతున్నారు."

"నా మాట ఆళ్ళకి తెలవదు కదండి. మీరయితే సక్కగా మార్సి సెప్తారు" అన్నాడు. ఆయన మొహం వెతికాను. ఎక్కడైనా కొంచెం కోపం, కొంచెం దెప్పు కనబడితే కాళ్ళ మీద పడి ఉండేవాణ్ణి. అలాంటిదేమీ లేదు. ఆ రోజు తాను తెలుసుకున్న విషయంగానే చెప్పాడు.

ఆయన పదవీ విరమణ రోజున క్యాంటీను హాల్లో సభ పెట్టారు. శాలువా, పూలదండ, మిక్చరు పొట్లాలు. తప్పెటగుళ్ళ దళంలో మిగిలినవాళ్ళు కూడా తెల్లటి కండువాలు వేసుకుని వచ్చారు. అందరూ మాట్లాడాక, పెద్దాయనా మీరు రెండు మాటలు చెప్పండి అంటూ మైకు ఆయన చేతికిచ్చారు. ఆ గొంతుకి మైకెందుకని వెనక ఎవరో అంటే నవ్వులు కూడా వినిపించాయి. మావ మైకు పట్టుకుని ఇటూ అటూ చూశాడు. మూడో వరసలో నేను కనబడ్డాను.

"మా అల్లుడుగారు సెప్తారండి" అన్నాడు.

మామా అల్లుళ్ళ ప్రేమ అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో మైకు తెచ్చి నా చేతిలో పెట్టారు. నేను లేచి ఆయన సేవల గురించి, నిజాయితీ గురించి, ఊళ్ళలో ఆయన మాటకుండే విలువ గురించి చెప్పాను. బాగానే చెప్పానన్నారు. ఆయన కూడా చప్పట్లు కొట్టాడు.

సభ అయ్యాక వరండాలో ఇద్దరమే మిగిలాం. ఒకప్పుడు ఆయన నన్ను పట్టుకుని అలాగన్నారేటి అని అడిగిన చోటే. నేను అడిగాను.

"మావా, ఈరోజు మీరు ఏటి సెప్దామనుకున్నారు?"

"ఏటో అనుకున్నానండి. మీరు సెప్పీసినారు కదా" అని నా భుజం తట్టి, శాలువా సర్దుకుని గేటు వైపు నడిచాడు. గేటవతల దళంవాళ్ళు ఆయన కోసం నిలబడి ఉన్నారు. వాళ్ళని కలుసుకోగానే ఆ గొంతు లేచింది. ఏదో పెద్ద కథ ఎత్తుకున్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. కాటా దగ్గరి లారీ డ్రైవర్లు కూడా అటు తిరిగి వింటున్నారు. నేను వరండాలో నిలబడి చెవులు రిక్కించాను. గొంతు వినబడుతూనే ఉంది గానీ, ఏం చెబుతున్నాడో నాకు ఒక్క ముక్క అందలేదు.